సముద్రానికి కాపలా

సముద్రానికి పోదామన్న ఆలోచన నాదే. ముందే ఒప్పేసుకుంటున్నాను. ఈ సంగతి మా బావ చెప్పినా మొదట చెప్పేది అదే. దానికంటే నేనే చెబితే కాస్త మర్యాదగా ఉంటుంది.

బావ అంటే చుట్టరికం ఏమీ లేదు. నలభై ఏళ్ళ కిందట తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఇద్దరం బస్తాలు మోశాం. ఒకే బస్తాకి ఆ కొస అతను, ఈ కొస నేను పట్టుకుని లారీలోకి విసిరేవాళ్ళం. అలాంటి పనిలో ఒకర్నొకరు తిట్టుకోకపోతే బస్తా లేవదు. తిట్టుకోవడానికి ఏదో ఒక వరస కావాలి కాబట్టి బావా అంటే బావా అనుకున్నాం. తరవాత అతనికి నడుం పట్టేసింది. సొంతూరి వైపు, మండవల్లి దగ్గర కొల్లేటి గట్ల మీదికి వెళ్ళిపోయి చేపల చెరువుకి కాపలాదారు అయ్యాడు. నేను గూడెంలోనే ఉండి ట్రాలీ ఆటో పట్టాను. ఇప్పటికీ నడుపుతున్నాను. అరవై ఆరేళ్ళొచ్చాక ఆటో ఎందుకండీ అని మా ఆవిడ అడుగుతుంది. ఇంట్లో కూర్చుంటే నీతో మాట్లాడాలి కదా అంటాను.

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. బస్తాల మీద నల్లరంగుతో రాసే కొట్ల గుర్తులతో మొదలుపెట్టి, మా వార్డులో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెడితే అక్కడ పూర్తి చేశాను. అంచేత కనిపించిన ప్రతి బోర్డూ పైకి చదువుతాను. యాభై ఏళ్ళపాటు చదవకుండా దాటిపోయిన బోర్డులు చాలా ఉన్నాయి మరి. పక్కన కూర్చున్నవాళ్ళకి విసుగు పుడుతుందని తెలుసు. అయినా మానను.

సంగతేమిటంటే, బావ కాపలా కాసే చెరువు చేతులు మారింది. పాత లీజుదారు ఆఖరి పట్టుబడి పట్టేసి, చేప అమ్మేసుకుని వెళ్ళిపోయాడు. ఏలూరు నుంచి కొత్తాయన వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, కళ్ళజోడు, చల్లగా మాట్లాడతాడు. అంత చల్లగానే, గట్టు చుట్టూ కెమెరాలు పెట్టించుకుంటానండీ, కాపలా మనిషి అక్కర్లేదండీ అన్నాడట. బావకి పెళ్ళాం పోయాక ఆ గట్టు మీద పాకే ఇల్లు. అయినా బతిమాలలేదు. "నా కుక్క పనితనం ఒకసారి చూడండి. చూశాక కూడా కెమెరాలే కావాలంటే పాక నేనే విప్పుకుపోతాను" అన్నాడు. ఆయన సరేనని, ఆదివారం పొద్దున వచ్చి చూస్తానన్నాడు. అంటే మా బావ పని, పాక రెండూ ఒక కుక్క గొంతు మీద నిలబడ్డాయి.

ఆ కుక్కకి పేరు లేదు. గట్టు మీద ఉన్నది ఒక్కటే కుక్క, పిలిస్తే వచ్చేదీ అదే, ఇంక పేరెందుకు అంటాడు బావ. ఎర్రటి ఊరకుక్క, ఒక చెవి సగమే ఉంటుంది. పిల్లగా ఉన్నప్పుడు తెచ్చి దానికి ఒకటే పని నేర్పాడు. నీళ్ళ వైపు చూస్తూ కూర్చోవాలి. నీళ్ళు కదిలితే లేచి అరవాలి. నీళ్ళు మళ్ళీ నిలకడ అయ్యేదాకా ఆపకూడదు. చేపల కోసం నీటికాకులు మునిగినా, ఎవడైనా దొంగతనంగా వల విసిరినా ముందు తెలిసేది నీళ్ళకే కాబట్టి మనుషుల్నీ పిట్టల్నీ వెతుక్కునే శ్రమ దానికి పెట్టలేదు. గాలికి లేచే సన్నటి ముడతల్ని పట్టించుకోదు. అంతకుమించి కదిలితే ఊరుకోదు. ఒక మధ్యాహ్నం నేను అక్కడ భోంచేసి చెరువులో చెయ్యి కడిగాను. అది అరిచిన అరుపుకి పక్క చెరువు కాపలావాడు కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నీళ్ళు సర్దుకునేదాకా నా వైపు చూస్తూ అరుస్తూనే ఉంది. చెయ్యి కడుక్కోవడం అంత పెద్ద నేరమని నాకు అప్పుడే తెలిసింది.

ఆ వారం బావకి ఏడేళ్ళలో మొదటి సెలవు దొరికింది. చెరువుకి కొత్త నీరు పెట్టారు, చేపపిల్ల ఇంకా వదల్లేదు. ఉత్త నీళ్ళకి కాపలా ఏముంటుంది? ఫోన్లో ఆ మాటా ఈ మాటా చెబుతూ, "ఆదివారం సంగతి తలుచుకుంటే అన్నం దిగట్లేదు బావా" అన్నాడు. నీళ్ళ మధ్య పుట్టి పెరిగిన మనిషి, సముద్రం మాత్రం చూడలేదు. కొల్లేటి నుంచి సముద్రం ఎంత దూరమని! ఒక పూట ప్రయాణం. నాకెందుకో ఆ నిమిషాన నోరు ఊరుకోలేదు.

"శుక్రవారం సముద్రానికి పోయి శనివారం వచ్చేద్దాం. అక్కడే గుడారం వేసుకుని పడుకుందాం. ఈమధ్య అందరూ అదే చేస్తున్నారు."

"గుడారం ఎక్కడిది?"

"ఉల్లిపాయల మీద కప్పే టార్పాలిన్ ఉంది కదా."

"మరి కుక్క?"

"పాకలో కట్టెయ్."

"ఆదివారం దానికి పరీక్ష పెట్టుకుని ఇప్పుడు కట్టేస్తానా? మనసు పాడవుద్ది. దాన్నీ తీసుకెళ్దాం. గాలి మార్పు ఉంటే గొంతు ఇంకా బాగా లేస్తుంది."

ఈ ఆఖరి ఆలోచన అతనిది. ఇది కూడా రాసిపెడుతున్నాను.

మా ఆవిడ పులిహోర కట్టింది. "ఇద్దరు ముసలాళ్ళు, ఒక కుక్క. ముగ్గురిలోనూ దాని మాట వినండి" అంది. నేను టార్పాలిన్, రెండు వెదురు గెడలు, నీళ్ళ డబ్బా, చిన్న స్టవ్వు వేసుకున్నాను. పడుకోవడానికి తివాచీ ముక్క కూడా పెట్టాను. ఒకప్పుడు ఏలూరు నుంచి తివాచీలు తోలినప్పుడు, నేత తప్పిందని ఒకాయన నాకు ఇచ్చేసిన ముక్క అది. ఇద్దరు పడుకోవచ్చు. ఇరవై ఏళ్ళ నుంచి మా మంచం కింద ఉంది. దాని బరువు సంగతి తరవాత చెబుతాను.

శుక్రవారం తెల్లవారుతూనే బయల్దేరి గణపవరం, ఆకివీడు, కైకలూరు మీదుగా మండవల్లి వెళ్ళి వాళ్ళిద్దర్నీ ఎక్కించుకున్నాను. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కుక్కకి స్నానం చేయించాడు. అది ట్రాలీలో ఎక్కి, క్యాబిన్ మీద ముందుకాళ్ళు ఆనించి నిలబడింది. బావ నా పక్కన ఇరుక్కున్నాడు. మళ్ళీ వెనక్కి తిరిగి ఆకివీడు దాకా వచ్చి, ఉండి ఊరి మీదుగా భీమవరం దారి పట్టాం.

నేను చదువుతూ నడుపుతున్నాను. "నిదానమే ప్రధానము. ముందు పాఠశాల కలదు. నాణ్యమైన రొయ్యల మేత. ఇచ్చట పంక్చర్లు వేయబడును."

"బావా, నీకు చదువు రాకముందు నీతో ప్రయాణం ప్రశాంతంగా ఉండేది."

"అప్పుడు దారి తప్పేవాళ్ళం."

"తప్పినా మాట్లాడుకునేవాళ్ళం."

మా డెల్టాలో పక్కన కాలవ లేకుండా రోడ్డు వెయ్యడం ఎవరికీ చేతకాదు. లాకుల దగ్గర నీళ్ళు దూకుతుంటే వెనకాల నుంచి కుక్క మొదలుపెట్టింది. అవి కనపడినంతసేపూ అరిచింది. రోడ్డు మలుపు తిరిగాక ఆపింది. మళ్ళీ లాకు వస్తే మళ్ళీ అరిచింది. బైకుల మీద వెళ్ళేవాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. బావ మాత్రం అద్దంలో దాన్ని చూసుకుంటూ, "చూశావా డ్యూటీ? మన చెరువు కాకపోయినా వదల్లేదు" అని మురిసిపోయాడు. మా ఇద్దరికీ బుద్ధి రావలసింది అక్కడే. రాలేదు.

నరసాపురం దాటి, మధ్యాహ్నానికి పేరుపాలెం వైపు సముద్రపు ఒడ్డుకి చేరాం. జనం లేని చోట ఉందామని సరుగుడు తోటల పక్క నుంచి ఇంకాస్త ముందుకెళ్ళాం. తోట దాటగానే ఎదురుగా సముద్రం.

బావ ఆటో దిగాడు. తరవాత లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి నడిచి, దోసిట్లోకి తీసుకుని రంగు చూశాడు. వాసన చూశాడు. నాలిక మీద వేసుకున్నాడు. రోజూ చెరువు దగ్గర చేసే పనే. వెంటనే ఉమ్మేశాడు.

"ఉప్పు బాగా ఎక్కువైంది బావా. కొత్త నీరు పెట్టాలి."

"ఎవరికి చెబుతావు?"

"ఎవరు చూసుకుంటున్నారో గానీ, గాలి మాత్రం బాగా కొట్టిస్తున్నారు." చెరువుల్లో నీళ్ళు చిలికి గాలి ఎక్కించే చక్రాలు ఉంటాయి, వాటిని తలుచుకుని కెరటాల వైపు చూపించాడు. ఆ తరవాత ఒక కెరటం వచ్చి నడుం దాకా తడిపేసింది. అరవై అయిదేళ్ళ మనిషి పకపకా నవ్వాడు. నడుం నొప్పి మొదలయ్యాక అతను అలా నవ్వడం నేను చూడలేదు. ఆ నవ్వు కోసమైనా రావడం మంచిదే అనుకున్నాను. ఆ మాట అనుకున్నంతసేపు నిలవలేదు.

కుక్క ఆటోలోంచి దూకి ఒడ్డున ఆగింది. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. ఎక్కడ మొదలుపెట్టాలో దానికి అర్థం కానట్టుంది. ఎదురుగా ఒక కెరటం విరిగింది. అరిచింది. ఆ కెరటం సర్దుకోకముందే పక్కన ఇంకొకటి. అటు తిరిగి అరిచింది. దాని వెనక ఇంకొకటి లేస్తోంది. నాలుగు కాళ్ళూ ఇసకలో పాతేసినట్టు నిలబెట్టి, దాని పని అది మొదలుపెట్టింది.

"కాసేపట్లో అలిసిపోద్దిలే" అన్నాడు బావ. నేనూ అదే అన్నాను.

గుడారం ఎక్కడ వెయ్యాలన్నది పెద్ద చర్చే అయింది. కొల్లేటి పద్ధతి ఏమిటంటే, మకాం నీటికి దగ్గరగా ఉండాలి. చెంబు ముంచుకోవడానికి, గిన్నె కడుక్కోవడానికి నాలుగడుగులు వెయ్యకూడదు. అక్కడ పొద్దున ఎక్కడున్న నీరు సాయంత్రానికీ అక్కడే ఉంటుంది. వరదొస్తే పెరుగుతుంది, అది కూడా నాలుగు రోజుల ముందు చెప్పి వస్తుంది. ఆ లెక్కన నీళ్ళకి పది అడుగుల దూరంలో, నున్నగా గట్టిగా ఉన్న ఇసక చూసుకుని గెడలు పాతాం. పైన ఉన్న ఇసక మెత్తగా కాళ్ళు దిగిపోతుంటే, ఇక్కడ చాప పరిచినట్టుంది. ఇంత మంచి చోటు ఎవరూ ఎందుకు వాడుకోవడం లేదో అని ఆశ్చర్యపోయాను కూడా. ఆటోని గుడారం పక్కకే తెచ్చి పెట్టాను. తివాచీ పరిచాం. పులిహోర తిన్నాం. కుక్క తినలేదు, దానికి తీరిక లేదు. దాని అరుపు వింటూనే ఇద్దరం కునుకు తీశాం.

నడుం కింద చల్లగా తగిలి మెలకువ వచ్చింది. తివాచీ ఒక అంచున తేలుతోంది. పులిహోర డబ్బా బయటికి వెళ్ళిపోయి సముద్రం వైపు ప్రయాణం పెట్టుకుంది. ఒక గెడ వంగి టార్పాలిన్ బావ మీద పడింది. లోపల నుంచి "గండి పడింది! గండి పడింది!" అని కేకలు. కలలో చెరువు గట్టు తెగిందనుకున్నాడట. బయటికి లాగాక, తూము తలుపుచెక్క వెతికి నీళ్ళు కట్టెయ్యాలన్నట్టు రెండు చేతులతో ఇసక గుట్టలు పోయడం మొదలుపెట్టాడు. నేను ఆటోలోకి ఎక్కి స్టార్ట్ చేశాను. వెనక చక్రాలు గిర్రున తిరిగి ఇంకా లోతుకి దిగాయి. ఇంకొక కెరటం వచ్చి ఇంజన్ను ముంచి వెళ్ళింది. ఆటో ఒకసారి దగ్గి ఊరుకుంది.

ఒడ్డు పైన చేపలు ఎండబెట్టుకుంటున్న ముసలమ్మ ఇదంతా మొదట్నుంచీ చూస్తోంది. ఎనభై ఏళ్ళు ఉంటాయి. ఆవిడ కేకేస్తే వలలు బాగుచేసుకుంటున్న నలుగురు తాడు పట్టుకుని వచ్చి, పాట పాడుతూ ఆటోని పైకి లాగారు. లాగినంతసేపూ నవ్వుతూనే ఉన్నారు.

"అబ్బాయిలూ, ఏ ఊరు మీది?" అంది ముసలమ్మ మాతో.

"కొల్లేరండీ" అన్నాడు బావ, ఇసక దులుపుకుంటూ.

"అంటే నీళ్ళు తెలిసినోళ్ళే!"

నవ్వు మళ్ళీ మొదలైంది. నేను తివాచీ లాగుతున్నాను. నీళ్ళు తాగాక అది గేదె అంత బరువైంది. అయిదుగురం కలిసి దాన్ని పైకి మోశాం. ఆటో లాగడానికి నలుగురే సరిపోయారు.

"పోటు వత్తాదని మీకెవరూ చెప్పలేదా నాయనా? రోజుకి రెండుసార్లు వత్తాది."

"చెప్పి రావాలి కదండీ" అన్నాడు బావ. ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.

ఇంజన్లోకి ఉప్పునీరు పోయింది కాబట్టి విప్పి, కడిగి, రేపు పొద్దున్న దాకా ఆరనివ్వాలన్నారు. అంచేత ఆ రాత్రికి సరుగుడు తోట అంచున, వాళ్ళు చూపించిన చోట టార్పాలిన్ కట్టుకున్నాం. ముసలమ్మ ఇంత అన్నం, చేపల పులుసు పంపించింది. మా బతుకంతా చెరువు చేపే. సముద్రపు చేప ముల్లు ఎక్కడ ఉంటుందో తెలియక ఇద్దరం గుచ్చుకున్నాం.

కుక్క మాత్రం అలాగే అరుస్తోంది. మేం మునిగినప్పుడు కూడా దాని పని ఆపలేదు. నీళ్ళు వెనక్కి వెళ్తే అది ముందుకి, నీళ్ళు ముందుకొస్తే అది వెనక్కి. బావ దాన్ని ఎత్తుకుని తోటలోకి తెచ్చాడు. కెరటాల చప్పుడు విని తప్పించుకుని పోయింది. తువ్వాలుతో కళ్ళు కప్పాడు. చప్పుడు వచ్చిన వైపే అరిచింది. తాడుతో కట్టేశాం. కట్టేసిన చోట నుంచి అరిచింది. గొంతు మొదట గరగర అంది, తరవాత చీలింది.

"ఎవరైనా దానికి చెప్పండయ్యా, ఇది ఆగేది కాదని" అని ఇంటికి వెళ్తూ ముసలమ్మ అంది.

పొద్దున్నే లేచేసరికి కుక్క ఒడ్డునే కూర్చుని ఉంది, తాడు కొరికేసి. కెరటం విరిగింది. లేచింది. నోరు తెరిచింది. మెడ సాగింది, పొట్ట ఎగిరింది, అరుపు మాత్రం లేదు. హ్హ... హ్హ... అని గాలి ఒకటే.

బావ దాని పక్కన ఇసకలో కూలబడ్డాడు. దాని గొంతు చేత్తో నిమిరాడు. నా వైపు తిరగలేదు.

"రేపు ఆదివారం బావా" అన్నాడు.

అంతే అన్నాడు. నలభై ఏళ్ళలో నన్ను తిట్టాల్సిన చోట తిట్టకుండా వదిలేసింది ఆ ఒక్కసారే.

ఇంజను ఎలాగో లేచింది. తిరుగు ప్రయాణంలో నేను ఒక్క బోర్డు కూడా పైకి చదవలేదు. భీమవరంలో పశువుల డాక్టరు గొంతులో లైటు వేసి చూసి, లోపలంతా వాచిపోయిందన్నాడు. మందు రాసి, పది, పదిహేను రోజులు దీన్ని అరవనివ్వకండి అన్నాడు. "ఇంతగా ఎందుకు అరిచిందండీ, ఎవరైనా కొట్టారా?" అని అడిగితే, ఇద్దరం నేల చూశాం. ఇంక అక్కడి నుంచి మండవల్లి దాకా మళ్ళీ అవే కాలవలు, అవే లాకులు. నీళ్ళు కనపడితే అది నోరు తెరుస్తుంది. అంచేత బావ ట్రాలీలో ఎక్కి, టార్పాలిన్ తన మీదా కుక్క మీదా కప్పుకుని కూర్చున్నాడు. మేం అనుకున్న గుడారం బాగా కుదిరింది అక్కడే, కదులుతున్న బండిలో. ఉండి దగ్గర ఒక పోలీసాయన ఆపి, టార్పాలిన్ ఎత్తి చూశాడు. లోపల తడి లుంగీలో ఒక ముసలాయన, కుక్క నోరు మూసి పట్టుకుని, చెవిలో ఏదో సర్దిచెబుతున్నాడు. ఏమీ అడక్కుండా టార్పాలిన్ దించేసి, పొమ్మన్నాడు.

నేను ఆ రాత్రి గూడెం వెళ్ళలేదు. గట్టు మీదే ఉండిపోయాను. బావ కుక్క మెడకి పసుపు పట్టు వేసి, తన మఫ్లరు చుట్టాడు. మిరియాలు వేసిన పాలు పట్టాడు. ఆదివారం పొద్దున ఏలూరు కారు గట్టు మలుపు తిరుగుతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఇవాళ ఒక్కరోజు నోరు మూసుకో. కుక్కకి జలుబు చేసిందని చెబుతాను."

"కుక్కకి జలుబేంటి?"

"చేసిందంతే. నువ్వు మాట్లాడకు."

కొత్తాయన కారు దిగి నమస్కారం పెట్టాడు. కుక్కని చూశాడు. "ఏవండీ, ఇదేనాండీ? మఫ్లరేంటండీ దానికి?"

"ఆయ్. కొంచెం జలుబండి" అన్నాడు బావ.

ఆయన రాయి తీసి చెరువులోకి విసిరాడు. గుండ్రంగా అలలు లేచాయి. కుక్క చటుక్కున లేచి నీళ్ళ అంచుకి వెళ్ళింది. మెడ సాచింది. నోరు తెరిచింది, మూసింది, తెరిచింది. అలలు అన్నీ సర్దుకునేదాకా అలాగే చేసి, వెనక్కి వచ్చి కూర్చుంది. చెరువు మీద చిన్న చప్పుడు కూడా లేదు.

"ఇదేంటండీ, మ్యూట్‌లో పెట్టారా?" అన్నాడు కొత్తాయన.

బావ తల దించుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు, జలుబు దగ్గరే ఆయాసం వచ్చేసింది. నేను అంతవరకే ఓర్చుకోగలిగాను.

"జలుబు కాదండీ, ఏమీ కాదు. సముద్రానికి తీసుకెళ్ళాం. తీసుకెళ్ళింది నేను. నీళ్ళు కదిలితే అరవాలి, నిలకడయ్యేదాకా ఆపకూడదు, దానికి తెలిసింది అదొక్కటే. సముద్రం ఆగలేదు, ఇదీ ఆగలేదు. గొంతు పోయింది. ఇందులో కుక్క తప్పు లేదు. ఇతని తప్పు అసలే లేదు. బుద్ధి లేనిది నాకు."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "సముద్రం ఆగుద్దనుకుందా అండీ?"

"అది కుక్క కదండీ, అనుకుంది. మనుషులం, మేమూ అనుకున్నాం. నీళ్ళ పక్కనే పక్కేసుకున్నాం."

"అంటే?"

అడిగాడు కాబట్టి అంతా చెప్పాను. తివాచీ, గండి, పులిహోర డబ్బా, పోలీసాయన. ఆయన గట్టు మీద కూర్చుని, కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. బావ నా వైపు చూసిన చూపు నేను ఇక్కడ రాయను. నవ్వు అయ్యాక ఆయన లేచి ఇంకొక రాయి విసిరాడు, ఈసారి దూరంగా, అవతలి గట్టు దగ్గర. కుక్క గట్టు వెంట అక్కడిదాకా పరిగెత్తి, నీళ్ళ ముందు నిలబడి, చప్పుడు లేని అరుపు అరిచింది. అలలు సర్దుకున్నాకే కదిలింది. మూడోసారి గుప్పెడు గులకరాళ్ళు వేశాడు. మూడోసారీ అంతే. ఇప్పుడు ఆయన నవ్వడం లేదు.

"ఏవండీ, చేపపిల్ల వదలడానికి ఇంకా పన్నెండు రోజులుంది. ఈలోగా దీనికి గొంతొస్తే మీరూ, ఇదీ ఉండండి. కెమెరాలు మానేస్తాను. రాకపోతే నాకు వేరే దారి లేదండీ. వినపడని కుక్కని పెట్టుకుని ఏలూర్లో నేనెలా నిద్రపోతాను? ఇంకో మాట. ఈ పన్నెండు రోజులూ ఈ బావగారి ఆటో ఎక్కకండి."

"ఆయ్, ఎక్కమండి" అన్నాడు బావ. అంత తొందరగా ఒప్పుకోనక్కర్లేదు.

చెరువు గట్టు మీద ఉంటూ ఆ కుక్కని అరవకుండా చూడటం కంటే చెరువునే దాచడం తేలిక. బావ అదే చేశాడు. నా టార్పాలిన్ అడ్డంగా కట్టి, పాకకీ చెరువుకీ మధ్య తెర దించేశాడు. కుక్క పక్కన తనూ చెరువుకి వీపు పెట్టి కూర్చున్నాడు. నేను రోజూ సాయంత్రం ఫోన్ చేసేవాణ్ణి.

"ఏమైనా వచ్చిందా?"

"తుమ్మింది."

"తుమ్ము కాదు, గొంతు."

"గొంతు సంగతి నీకెందుకు? నువ్వు ఫోన్ పెట్టెయ్, నీ మాట వింటే దానికి సముద్రం గుర్తొస్తది."

తొమ్మిదో రోజు గుర్రుమందన్నాడు. పదో రోజు కుయ్యిమందన్నాడు. పదకొండో రోజు ఏమీ లేదన్నాడు. ఆ రాత్రి నేను భోజనం దగ్గర నుంచి లేచిపోతే, కుక్క కోసం ఇంత బెంగేమిటండీ అంది మా ఆవిడ. కుక్క కోసం కాదని ఆవిడకీ తెలుసు.

పన్నెండో రోజు మార్కెట్లో బస్తాలు ఎక్కిస్తుంటే బావ ఫోన్ వచ్చింది. ఎత్తాను. చేపపిల్ల తెచ్చిన లారీల్లోంచి చెరువులోకి నీళ్ళు ధారగా పడుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడులోంచి, బండ మీద గునపం లాగినట్టు ఒక అరుపు. ఇంకొకటి. మూడోది కాస్త కుక్క అరుపులా ఉంది. నాలుగోదానికి నా పక్కన బస్తా ఎత్తుతున్నవాడు తల తిప్పి చూశాడు.

"బావా, ఆపు దాన్ని! మళ్ళీ పోద్ది!" అని అరిచాను.

"ఎలా ఆపమంటావు? తెర చింపుకుని వచ్చేసింది. ఇంకా రెండు లారీలు ఖాళీ అవ్వాలి!" బావ ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు.

వాటన్నిటి వెనక నుంచి, చల్లగా మాట్లాడే ఆ ఏలూరాయన గొంతు మొదటిసారి పెద్దగా వినిపించింది. "విన్నానండీ! చాలండీ! ఉండిపోండి మీరిద్దరూ, ఉండిపోండి! ముందు దాన్ని లోపలికి తీసుకెళ్ళండి!"